మా నాగులేటి మద్రాసు ప్రయాణం

ఊరి చరిత్ర ఊళ్లో దొరకదు. మా దాచేపల్లిలో మిరపకాయలు దొరుకుతాయి, పత్తి దొరుకుతుంది, ఇంటికి కావలసినన్ని నాపరాళ్లు దొరుకుతాయి. ఊరి పక్కన నాగులేరుంది. వానాకాలంలో పారుతుంది, ఎండాకాలంలో పారినట్టు గుర్తులుంటాయి. పన్నెండో శతాబ్దంలో ఎగువన కార్యమపూడి దగ్గర సవతి అన్నదమ్ములు రాజ్యం కోసం కొట్టుకుంటే ఆ నెత్తురంతా ఈ ఏట్లోనే పారిందని మా వైపు ఏ ముసలమ్మను కదిపినా చెబుతుంది. కోడిపందెం దగ్గర్నుంచి మొదలుపెట్టి బాలచంద్రుడు పడిపోయేదాకా, ఒక్క పేరు తప్పకుండా చెబుతుంది. కాని ఆ కథ రాసివున్న పాత తాటాకు మీ కళ్లతో చూడాలనుకోండి. దాచేపల్లిలో దొరకదు, గురజాలలో దొరకదు, యుద్ధం జరిగిన కారెంపూడిలోనూ దొరకదు. మద్రాసు వెళ్లాలి.

మన ఏటి కథ అరవదేశంలో ఎందుకుందీ అంటే, దానికో ప్రయాణం ఉంది. ఆ ప్రయాణం మొదలుపెట్టినవాడు స్కాట్లండునుంచి వచ్చిన కాలిన్ మెకంజీ అనే కొలతల ఆఫీసరు. 1754లో పుట్టాడు. కంపెనీవారి కొలువులో చేరి, గొలుసులు పట్టించి నేల కొలిపించడం ఆయన ఉద్యోగం. 1815లో దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలిచేవాడు నేల కొలిచి ఊరుకోవచ్చు గదా! ఈయనకు మాత్రం ఈ ఊరెవరు కట్టించారు, ఈ గుడికి మాన్యమెవరిచ్చారు అని తెలుసుకోకపోతే నిద్రపట్టేది కాదు గాబోలు. అమరావతి స్తూపం శిల్పాల సంగతి 1797లో మొదట పట్టించుకున్న దొర ఈయనే. మళ్లీ 1816లో మనుషుల్ని పెట్టి బొమ్మలు వేయించాడు.

ఇంత చేసినాయనకు మన భాషలు రావు. మరి ఎలా జరిగిందంటే, ఏలూరి నియోగి బ్రాహ్మణులు ముగ్గురన్నదమ్ములు దొరికారు. కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి. శాసనాల లిపి విప్పడంలో బొర్రయ్య దిట్ట. ముప్పయ్యేళ్లయినా నిండకుండా 1803లో పోయాడు. ఆ పని లక్ష్మయ్య నెత్తికెత్తుకున్నాడు. ఊరూరికీ మనుషుల్ని పంపి, కరణాల దగ్గరున్న కవిలె కట్టలు విప్పించి, పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడిగించి రాయించారు. అలా రాసుకొచ్చినవే కైఫీయతులు. కరణంగారి అటకమీద చెదలు తినవలసిన సంగతులు కాగితానికెక్కాయి.

అప్పుడు ఎక్కడం ఎంత మంచిదయిందో తరవాత తెలిసింది. మెకంజీ 1821లో పోయాడు. ఆ తరవాత పన్నెండేళ్లకే, 1832-33లో, నందన కరువొచ్చి గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది. గుంటూరు కరువని ఇప్పటికీ దానికి పేరు. ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. కథ చెప్పేవాడు పోయాడు, వినేవాడు పోయాడు, కవిలె కట్ట దాచినవాడూ పోయాడు. లక్ష్మయ్యగారి మనుషులు పాతికేళ్లు ఆలస్యంగా బయల్దేరివుంటే వాళ్లకు కథ చెప్పడానికి ఎంతమంది మిగిలివుండేవారో మీరే ఊహించుకోండి.

ఇక్కడొక సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. దొర పోయాక ఆ సేకరణనంతా కంపెనీవారు ఆయన భార్య దగ్గర కొనేశారు. లక్షరూపాయలు. దానికి 1828లో పట్టిక అచ్చయింది, పైన విల్సన్‌గారి పేరుంది. ఆ పని నేను కొనసాగిస్తానని లక్ష్మయ్య 1830లలో అర్జీ పెట్టుకున్నాడు. దొరల సంఘంవారు చూసి, పోగుచేయడానికి పనికొస్తాడు గాని పరిశీలించి నడిపించే తాహతు ఈయనకు లేదని తేల్చారు. పని టేలర్ అనే పాదిరీగారికి పోయింది. వండినది వదినగారు, వడ్డించి పేరు తెచ్చుకున్నది తోడికోడలు! ఇది మన ఇళ్లల్లో కొత్త సంగతేమీ కాదు గనక లక్ష్మయ్య మనసు మగవాళ్లకంటే మనకే బాగా అర్థమవుతుందనుకుంటాను.

తరవాత బ్రౌను దొర వచ్చాడు. ఈయన సంగతి మీకు తెలిసిందే, నిఘంటువు బ్రౌను. కడపలో బంగళా కొని పండితుల్ని జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కొక్క కావ్యానికి నాలుగైదు ప్రతులు తెప్పించి, సరిచూసి, శుద్ధప్రతులు రాయించాడు. సొంత డబ్బు పోశాడు, అప్పులూ చేశాడు. మెకంజీ కైఫీయతులు శిథిలమవుతుంటే వాటికీ నకళ్లు రాయించాడు. లండను వెళ్లినప్పుడు అక్కడ కంపెనీవారి గ్రంథాలయంలో చదివే దిక్కులేక పడివున్న దక్షిణాది రాతప్రతుల్ని చూసి, ఇవి ఇక్కడెందుకని తిరిగి మద్రాసుకు పంపించేట్టు చేశాడు. మెకంజీవీ, బ్రౌనువీ, లండన్నుంచి తిరిగొచ్చినవీ కలిస్తే మద్రాసులో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారమయింది. 1869లో పెట్టారు. చాలా దశాబ్దాలపాటు అది సముద్రపొడ్డున చేపాకులో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రరీ భవనంలోనే ఉండేది. ఈ మధ్యనే కొట్టూర్పురంలో 2010లో తెరిచిన అణ్ణా శతజయంతి గ్రంథాలయానికి మార్చారు. అక్కడ తాటాకులకు నిమ్మగడ్డి నూనె రాస్తారు. పురుగు పట్టకుండా, ఆకు పెళుసెక్కి విరగకుండా. మనం పట్టుచీరల పెట్టెలో వేపాకు వేసుకున్నట్టే!

ఇలా పల్నాటి వీరచరిత్ర తాటాకులు మద్రాసు చేరాయి. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి, పెద్ద పీఠిక రాసి అచ్చువేయించాడు. పల్నాటివాడే. అప్పటికాయనకు పట్టుమని పాతికేళ్లు లేవు. శ్రీనాథుడు రాశాడని పేరున్న ఆ ద్విపదను చదువుకున్నవాళ్లు పుస్తకంగా చూడడం అప్పుడే. శ్రీనాథుడు రాయలేదనేవాళ్లూ ఉన్నారు. ఆ తగాదా పండితులకు వదిలేద్దాం. మనకు కావలసిందేమంటే, నాగులేటి ఒడ్డున పాడుకునే కథ మద్రాసుదాకా వెళ్లి, అచ్చుపుస్తకమై మళ్లీ నాగులేటి ఒడ్డుకు వచ్చింది.

ఇదంతా నాకెలా తెలిసిందంటారా? మా ఆడపడుచు కూతురు ఎం.ఏ. అయ్యాక పరిశోధన చేస్తానంది. అంశం నాయకురాలు నాగమ్మ. దాచేపల్లి పిల్లకు ఇప్పుడు యూనివర్సిటీ అంటే అంత దూరాభారం కాదు. గుంటూరులో 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయంవారు పై చదువుల కేంద్రం పెట్టారు, 1976లో అదే నంబూరు దగ్గర నాగార్జున విశ్వవిద్యాలయమయింది. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఆ పిల్ల వెళ్లివచ్చినప్పుడల్లా చెప్పే కబుర్లు వింటూ నాకు తెలిసిందేమంటే, లైబ్రరీలో పుస్తకం వెతకడానికీ సంతలో కూరగాయలు బేరమాడడానికీ పెద్ద తేడా లేదు. అడగడం తెలియాలి. అంతే.

ఉదాహరణకు మా ఊరి సంగతే చూడండి. గుంటూరు జిల్లా అని వెతికితే సగం సంగతులు కనబడవు. ఎందుకంటే 1859లో గుంటూరు జిల్లాను తీసేసి కృష్ణాజిల్లాలో కలిపారు. 1904లో మళ్లీ విడదీశారు. ఈ నలభై అయిదేళ్ల కాగితాలూ కృష్ణాజిల్లా పేరుమీదుంటాయి. 1883లో గోర్డన్ మెకంజీ అనే కలెక్టరు రాసిన కృష్ణాజిల్లా మాన్యువల్లో పల్నాడు ఉంటుంది. (ఈ మెకంజీ వేరు, ఆ మెకంజీ వేరు. పిల్లలు పరీక్షల్లో కలిపేస్తుంటారు.) 2022 నుంచి మాది పల్నాడు జిల్లా. ఇంక ఇంగ్లీషు అక్షరాల్లో పల్నాడును ఒక్కో దొర ఒక్కో రకంగా రాశాడు. కారెంపూడి, కార్యమపూడి ఒకటేనని లైబ్రరీ పట్టికకు తెలియదు, మనమే రెండు పేర్లతోనూ అడగాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన స్నేహితురాలిని వెతికినట్టన్నమాట. పాత పేరు తెలియనివాడికి ఆవిడ ఎదురుగా కూర్చున్నా దొరకదు.

ఈ వెతుకులాటకు ఒక దారి వేసినవాడు ఆ మద్రాసు యూనివర్సిటీ లైబ్రరీలోనే ఉండేవాడు. రంగనాథన్‌గారు. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకునేవాడు, 1924లో యూనివర్సిటీకి మొదటి లైబ్రేరియనుగా వచ్చాడు. వచ్చిన నాలుగురోజులకే ఏమీ తోచక, నన్ను మళ్లీ పాఠాలకే పంపించండని మొరపెట్టుకున్నాడట. ముందు లండను వెళ్లి చూసిరా, అప్పటికీ నచ్చకపోతే చూద్దామన్నారు. లండన్లో ఒక దుకాణంలో పిల్లలాడుకునే మెకానో బొమ్మ చూశాడు. ఇనపరేకులు, మరలు. అవే ముక్కల్ని ఒకసారి బండిగా, ఒకసారి వంతెనగా బిగించవచ్చు. పుస్తకాల విషయాల్నీ ఇలా ముక్కలు చేసి కావలసినట్టు బిగిస్తే? 1933లో అచ్చయిన ఆయన కోలన్ వర్గీకరణకు అది బీజం. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని ఆయన పెట్టిన మొదటి సూత్రం, 1931లో. ఇది సూత్రమా, ఎవరికి తెలియదూ అనిపిస్తుంది. కాని అంతకుముందు లైబ్రరీ అంటే బీరువాకు తాళం, తాళంచెవి ఒకరి బొడ్లో! కొందరిళ్లలో ఊరగాయ జాడీలకు ఇప్పటికీ అదే పద్ధతి. చదువరులు అరల మధ్యకు వెళ్లి తామే చూసుకోవచ్చని తలుపులు తీయించింది ఈయన.

అసలు కథకు వద్దాం. మా పిల్ల 1911 పుస్తకం జెరాక్సు తెచ్చుకుని పెద్దరుగుమీద కూర్చుని చదువుతుంటే మా అత్తగారు విన్నారు. ఇప్పుడా పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవులో సెల్‌ఫోన్లోనే కనబడుతున్నాయి గాని, కాగితమైతేనే గీతలు గీసుకోవచ్చునని దాని పట్టుదల. కాసేపు విని అత్తగారు అడిగారు:

“ఇదంతా బ్రహ్మనాయుడి వైపునుంచి చెప్పిన కథ గదుటే. నాగమ్మ వైపునుంచి రాసిన తాటాకు లేదూ ఆ మద్రాసులో?”

“లేదమ్మమ్మా. నాకు దొరకలేదు.”

“ఎలా దొరుకుతుందే! రాసినవాళ్లెవరు?”

ఆవిడకు తెలిసిన నాగమ్మ వేరు. జిట్టగామాలపాడు నుంచి వచ్చిన పడుచు వితంతువు. వేటకొచ్చి అలిసిపోయిన రాజు పరివారానికంతటికీ కడుపునిండా పెట్టి, ఏడు ఘడియల మంత్రిత్వం వరమడిగి పుచ్చుకున్న మనిషి. పుస్తకంలో ఆవిడ మాయలమారి. విషం పెట్టించినదీ ఆవిడే, కోడిపోరులో మోసం చేయించినదీ ఆవిడే. ఆడది మంత్రిగా కూర్చుంటే రాజ్యం ఏమవుతుందో చూడండని చెప్పడానికి పనికొచ్చే పాత్ర. నేను నాగమ్మ తప్పేమీ లేదని వాదించడంలేదు. అలరాజు చావు, పేరిందేవి అగ్నిలో పడడం చదివితే ఎవరికి మాత్రం మనసు కరగదు! కాని ఓడినవాళ్ల వైపు ఆడదాని మాట ఏ కరణమూ కవిలెలో రాయలేదు. లైబ్రరీలో ఉండేది ఎవరో ఒకరు రాసి పెట్టినదే. రాయనిది ఎంత పెద్ద విశ్వవిద్యాలయంలోనూ దొరకదు.

అందుకని కొందరు పుస్తకాల అరలు వదిలి బయటకు వెళ్లారు. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజుగారు జానపద గేయాలమీద పరిశోధన చేశారు. 1956లో డాక్టరేటు వచ్చింది, 1958లో పుస్తకమయింది. తెలుగులో జానపద సాహిత్యానికి డాక్టరేటు రావడం అదే మొదలు. అందులోకి ఎక్కిన పాటలు చాలా మట్టుకు తిరగళ్ల దగ్గరవీ, ఉయ్యాలల దగ్గరవీ, నాట్లు వేసే చోటివీ. మన అమ్మమ్మలకు తెలియకుండానే వాళ్ల పాటలు సిద్ధాంతగ్రంథంలోకి వెళ్లి కూర్చున్నాయి.

మా పల్నాటికి జీన్ రోఘేర్ అనే అమెరికా కుర్రాడు వచ్చాడు, 1974 ప్రాంతంలో. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం విద్యార్థి. వెల్చేరు నారాయణరావుగారు అక్కడ తెలుగు చెప్పేవారు. కారెంపూడిలో కార్తీక అమావాస్యకు అయిదు రోజులు వీరుల ఉత్సవం జరుగుతుంది గదా, రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని. అక్కడ కథ పాడే హక్కు వీరవిద్యావంతులది. మాలవారు. శ్రీనాథుడి పేరున్న ప్రతి కంటే వాళ్ల నోట్లో కథ చాలా పెద్దది. ఆలిసెట్టి గాలెయ్య అనే విద్యావంతుడు పాడితే రోఘేర్ టేపుమీద పట్టాడు. దాన్ని ఇంగ్లీషులో పెట్టి 1982లో ఆక్స్‌ఫర్డువారు పుస్తకంగా వేశారు. పుస్తకంలో గాలెయ్య పేరుంది. లక్ష్మయ్యకు జరిగినట్టు జరగలేదు. నూటయాభై ఏళ్లలో ఆ మాత్రం మార్పు వచ్చినందుకు నాకు సంతోషమే.

విస్కాన్సిన్లో కూర్చున్నవాడికి తెలుగు పుస్తకాలెక్కడివీ అని మీకు సందేహం రావాలి. నాకూ వచ్చింది. జవాబు వింటే ఆశ్చర్యపోతారు. గోధుమలు!

1960లలో తిండిగింజలకు కరువొచ్చిన రోజులు పెద్దవాళ్లకు జ్ఞాపకమే. రేషను షాపుల్లో అమెరికా గోధుమలు, మైలో జొన్నలు ఇచ్చేవారు. అన్నం తినే ఇళ్లల్లో ఆడవాళ్లు చపాతీ ఒత్తడం నేర్చుకున్నది అప్పుడే. పి.ఎల్. 480 గోధుమలనేవారు. 1954లో అమెరికావాళ్లు చేసుకున్న చట్టం నంబరది. ఆ గోధుమలకు మనం డాలర్లు ఇవ్వలేదు, రూపాయలిచ్చాం. ఆ రూపాయలు వాళ్ల దేశంలో చెల్లవు, ఇక్కడే ఖర్చుపెట్టాలి. అందులో కొంత డబ్బుతో 1962 నుంచి మన భాషల పుస్తకాలు, పత్రికలు కొని వాళ్ల విశ్వవిద్యాలయాల లైబ్రరీలకు పంపించారు. ఢిల్లీలో దానికొక ఆఫీసు. షికాగో, విస్కాన్సిన్, బర్క్‌లీ వంటి చోట్లకు తెలుగు నవలలు ఓడెక్కి వెళ్లాయి. పండితుల గ్రంథాలే కాదు సుమండీ, ఆడవాళ్లు రాసినవీ, ఆడవాళ్లు మధ్యాహ్నం వంటయ్యాక పడుకుని చదువుకున్నవీ కూడా! ఇక్కడ అవే పుస్తకాలు చేతులు మారి మారి, అట్టలూడి, చివరకు పకోడీ పొట్లాలయ్యాయి. అక్కడ వాటికి అట్టలు కట్టి, నంబరు వేసి, చల్లటి గదిలో పెట్టారు.

మనవాళ్లలోనూ ఆ నంబర్లు వేసే పని చేసిన రచయిత్రి ఒకరున్నారు. అబ్బూరి ఛాయాదేవి. మామగారు అబ్బూరి రామకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లైబ్రేరియను. ఆవిడ ఢిల్లీలో జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో డిప్యూటీ లైబ్రేరియనుగా ఉండి 1982లో ఉద్యోగం వదిలేశారు. ‘తన మార్గం’ కథలకు 2005లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పగలంతా ఇతరుల పుస్తకాలు సర్దిపెట్టి, తన కథలకు టైము ఎప్పుడు మిగుల్చుకున్నారో!

ఈ గోధుమల కథ విన్నాక మా అత్తగారు అటకమీంచి ఒక కట్ట దింపించారు. వారపత్రికలో వచ్చిన సీరియలు, వారం వారం చింపి, ట్వైన్ దారంతో తనే కుట్టుకున్నది. నడుమ రెండు వారాలు లేవు. ఒక వారం ఎవరో పట్టుకెళ్లి ఇవ్వలేదు, ఇంకో వారం పత్రిక ఇల్లు సున్నం వేసినప్పుడు పోయింది. ఆ రెండు వారాలూ అమెరికాలో ఏ లైబ్రరీలోనయినా ఉండే అవకాశముందా అని అడిగారు. ఉండవచ్చు, ఈ రోజుల్లో ఒక లైబ్రరీవారు అడిగితే ఇంకో లైబ్రరీవారు పేజీలు ఫొటో తీసి పంపిస్తారని పిల్ల చెప్పింది.

“అయితే మీ మేడమ్‌గారి చేత ఒక చీటీ రాయించవే. నాగమ్మ కోసం అడుగుతూ అడుగుతూ, ఆ పద్నాలుగూ పదిహేనూ భాగాలు కూడా అడగమను. ఆ పిల్ల పుట్టింటికెందుకు వెళ్లిపోయిందో ఇప్పటిదాకా నాకు తెలియలేదు.”